చేప బొమ్మ పెట్టిన ఊరు

మొన్న మా చెల్లెలి కొడుకు పాత కారొకటి కొన్నాడు. కొన్న మర్నాడే నా దగ్గరికి వచ్చి, "మామా, దారి చూపించే డబ్బా ఒకటి చవకలో తీసుకుందామనుకుంటాండా, ఏది మంచిది?" అని అడిగాడు. చేతిలో ఫోనుంది కదరా అంటే, నల్లమల దిక్కు పోతే సిగ్నల్ ఉండదు, ఎండలో అద్దం ముందు పెడితే ఫోను కాలిపోయి ఆగిపోతాంది అన్నాడు. మా బంధువుల్లో నాకు ఆ డబ్బాల పండితుడనే పేరు ఒకటి పడిపోయింది. ఏం చూసి కొనాలో, ఏం చూసి మోసపోకూడదో ఒక పూటంతా కూర్చోబెట్టి చెప్పాను. వాడు సంతోషంగా వెళ్లిపోయాడు. నేను పనిచేసిన ఆసుపత్రికి అలాంటి డబ్బా కొన్నాక ఏం జరిగిందో మాత్రం వాడికి చెప్పలేదు. వాడి వయసు వాళ్లు, కొత్తగా ఉద్యోగాల్లో చేరేవాళ్లు చదువుతారని ఇప్పుడు రాస్తున్నాను.

నేను మార్కాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో బండ్ల ఇన్‌ఛార్జిగా పనిచేసి రిటైరయ్యాను. బండ్లంటే పెద్ద దండేమీ కాదు. ఒక అంబులెన్సు, ఒక జీపు, ఒక వ్యాను. ఆ వ్యాను పని ఒక్కటే. కిడ్నీలు పాడైనవాళ్లను పల్లెల నుంచి పొద్దున్నే తీసుకొచ్చి, రక్తం శుభ్రం చేసే మిషను మీద నాలుగు గంటలు పడుకోబెట్టాక, మళ్లీ వాళ్ల ఊళ్లలో దింపి రావడం. మా పడమటి ప్రాంతంలో ఈ జబ్బు చాలా ఇళ్లలో ఉంది. నీళ్ల వల్లనని కొందరు, ఎండలో పని వల్లనని కొందరు, ఒళ్లు నొప్పులకు మింగే మాత్రల వల్లనని కొందరు అంటారు. నేను డాక్టర్ని కాను కాబట్టి నాకు తెలిసింది ఒక్కటే రాస్తాను. మిషను ఒక వంతు తప్పితే మనిషి ఒంట్లో నీరు చేరుతుంది. ఆ నీరు ఊపిరితిత్తుల దాకా పోతే మాట్లాడటానికి ఊపిరి ఉండదు. వ్యాను ఆలస్యమైతే నష్టపోయేది ఎవరో మాకు ముఖాలతో సహా తెలుసు.

అందరికంటే దూరం నుంచి వచ్చేది ఒకామె. పుల్లలచెరువు దాటి ఇంకా లోపలికి, అడవి అంచున ఉన్న చిన్న ఊరు. మిరపకాయ కోతలకు, పత్తి తీతలకు పోయి బతికిన మనిషి. వాళ్ల ఆయన మోటారు సైకిలు మీద ఆమెను తారురోడ్డు దాకా తెచ్చి వ్యాను ఎక్కించేవాడు. ఎంత నీరసంగా ఉన్నా ఆమె నోటికి మాత్రం నీరసం ఉండేది కాదు. ఈ జబ్బున్నవాళ్లు నీళ్లు కొలుచుకుని తాగాలి. నేను ఒకసారి ఆ సంగతి గట్టిగా చెప్పబోతే, "మా ఊళ్లో తాగనీకి నీళ్లు లేవు, మీరేమో తాగొద్దంటారు. దేవుడూ మీరూ ముందే మాట్లాడుకున్నట్టుంది సార్" అంది. వ్యానంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ దారిలో వ్యాను నడిపేది మేమంతా పెద్ద డ్రైవరు అని పిలిచే ఆయన. చాలా ఏళ్లుగా అదే దారి. ఆయన సెలవు పెట్టిన రోజు మా ఆసుపత్రికి పండగ కాదు, పరీక్ష. బదులు పోయిన డ్రైవరు ఏదో ఒక అడ్డరోడ్డులో తిరిగి, ఎండెక్కాక ఖాళీ సీట్లతో వచ్చేవాడు. అలాంటి పెద్ద డ్రైవరు ఒకనాడు వచ్చి, సొంతంగా బండి కొనుక్కుంటున్నానని, వానాకాలం మొదలయ్యేసరికి ఉద్యోగం మానేస్తానని చెప్పాడు. మా డాక్టరు గారు నన్ను పిలిచి, ఏ డ్రైవరు వచ్చినా దారి తప్పకుండా ఏదైనా ఉపాయం చూడమన్నారు. ఖర్చు పెరగకూడదన్నారు. అప్పట్లో మా డ్రైవర్ల చేతుల్లో బటన్ల ఫోన్లే. ఉపగ్రహాలతో దారి చూపించే డబ్బాలు వచ్చాయని నేను పేపర్లో చదివి ఉన్నాను. అవి చూడాలని కుతూహలంగానూ ఉండేది. ఆసుపత్రి అవసరం ఎంతో, నా కుతూహలం ఎంతో ఇప్పుడు విడదీసి చెప్పలేను.

బస్టాండు దగ్గర ఫోన్లు, రేడియోలు బాగుచేసే దుకాణం ఉండేది. దాని యజమానిని అందరం భాయ్ అనేవాళ్లం. ఆయన విజయవాడ నుంచి మూడు రకాలు తెప్పించాడు. "మూడూ తీస్కపోండి సార్. ఏది నచ్చితే దానికి పైసలియ్యండి, మిగతావి వాపస్ తెండి. గీత పడిందంటే మాత్రం అది మీదే, నాకు చూపీయొద్దు" అన్నాడు.

మూడింటినీ వ్యాను అద్దానికి వరసగా తగిలించాం. మొదటిది పేరున్న కంపెనీది, ఖరీదెక్కువ. రెండోది వెడల్పాటి తెర, పాటలు, సినిమాలు అన్నీ వచ్చేది. మూడోది ఎవరో వాడి వదిలేసిన చిన్నది, అరచేతిలో పట్టేంత. పెద్ద డ్రైవరు, నేను తెల్లవారగానే బయల్దేరి కంభం, బేస్తవారిపేట మీదుగా గిద్దలూరు పోయాం. మూడు డబ్బాల్లోనూ ఇంగ్లీషు మాట్లాడే ఆడగొంతులే. పెద్ద డ్రైవరు వాళ్లకు ఇంగ్లీషు వదినలని పేరు పెట్టాడు. కంభం దాటేసరికి ముగ్గురికీ తగవు మొదలైంది. ఒకామె ఎడమకు తిరగమంటుంది, ఒకామె నేరుగా పొమ్మంటుంది, ఒకామె వెనక్కి తిరగమంటుంది. "ముగ్గురు తోడికోడళ్లను ఒక వంటింట్లో పెట్టినట్టుంది సార్" అన్నాడాయన. గిద్దలూరు ఊళ్లో రైలు గేటు పడి ఆగినప్పుడు కూడా రెండో వదిన ముందుకు పొమ్మని ఒకటే పోరు. ఆయన తెరకు చేతులు జోడించి, రైలు పోనీ తల్లీ అన్నాడు.

గిద్దలూరు దాటి అడవి ఘాట్ రోడ్డులోకి కూడా పోయాం. చెట్ల కింద ఏది నిలబడుతుందో చూడాలని నా ఆశ. డబ్బాలో ఒక పేజీ ఉంటుంది. ఎన్ని ఉపగ్రహాలు దొరికాయో నిలువు గీతలుగా చూపిస్తుంది. నేను ఆ గీతల్ని పసిపిల్లవాడి నాడి చూసినట్టు చూస్తూ కూర్చున్నాను. పెద్ద డ్రైవరు కొంచెం బెరుకుగా, పైనుంచి వాళ్లు మనల్ని చూస్తా ఉంటారా అని అడిగాడు. నాకూ మొదట అదే అనుమానం ఉండేది. భాయ్ దుకాణంలో ఇచ్చిన కాగితాలు, ఇంకా ఒకటి రెండు పుస్తకాలు చదివి తెలుసుకున్నాను. పైన తిరిగే ఉపగ్రహాలు ఎవర్నీ చూడవు. తాము ఎక్కడున్నాయో, ఇప్పుడు టైమెంతో అని ఊరికే చెప్పుకుంటూ పోతాయి. ఒక్కొక్క దాని మాట ఎంత ఆలస్యంగా చేరిందో లెక్కేసుకుని, మనమెక్కడున్నామో డబ్బా తనంతట తనే తేల్చుకుంటుంది. ఇది చెప్తే పెద్ద డ్రైవరు, అయితే దానికి మనం యాడున్నామో తెలుస్తాది గానీ, యాడికి పోవాల్నో మనమే చెప్పాల అన్నాడు. అంతే అన్నాను. ఆ మాట మీద అప్పుడే నేను ఇంకొంచెం ఆగి ఉండాల్సింది.

పరీక్షలు చాలా పెట్టాను. మధ్యాహ్నం ఎండలో తెర కనిపిస్తుందా, పొద్దున బండి తీసిన ఎంతసేపటికి ఉపగ్రహాలు దొరుకుతాయి, గుంతల్లో కుదిపితే కరెంటు వైరు ఊడుతుందా, మా మే నెల వేడికి అద్దానికి అతుక్కునే రబ్బరు జారుతుందా. పాటల డబ్బా ఎండలో నల్లపలకలా అయిపోయింది. కింద పడింది కూడా అదే. మిగతా డ్రైవర్లంతా మాత్రం ముక్తకంఠంతో దానికే ఓటేశారు. పేరున్న కంపెనీ డబ్బా తారురోడ్ల మీద రాజులా నడిచింది గానీ పుల్లలచెరువు దిక్కు పల్లెలు దాని పటంలో లేనే లేవు. లేని ఊళ్లకు అంత ఖరీదు ఎందుకనిపించింది. చిన్న డబ్బాలోనూ ఆ పల్లెలు లేవు. కానీ అందులో ఒక సదుపాయం తేలికగా ఉంది. మనం ఒకచోట నిలబడి బొత్తాం నొక్కితే ఆ చోటును గుర్తుంచుకుంటుంది. మళ్లీ ఎప్పుడు అడిగినా అక్కడికి తీసుకుపోతుంది. ఆ చిన్నదాన్నే కొన్నాం. ఇప్పటికీ చెప్తాను, ఎంపిక సరైనదే. మా మేనల్లుడికి కూడా అలాంటిదే చెప్పాను.

ఇక ఊళ్లను దానికి నేర్పాలి. మీలో మా వైపు రానివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ఇక్కడ చాలా పల్లెలు తారురోడ్డు మీద ఉండవు. రోడ్డు మీద ఉండేది స్టేజీ. అంటే బస్సు ఆగే చోటు. ఒక రేకుల షెడ్డు, ఒక టీ కొట్టు, రెండు మూడు అంగళ్లు. దాన్నే ఊరి పేరుతో పిలుస్తాం. అసలు ఊరు అక్కడినుంచి రెండు మూడు కిలోమీటర్లు లోపల ఉంటుంది. మా వ్యాను మొదటినుంచీ స్టేజీల్లోనే ఆగేది. జబ్బు మనిషిని స్టేజీ దాకా తెచ్చుకోవడం ఇంటివాళ్ల పని. ఈ పద్ధతి ఎవరు పెట్టారో నాకు తెలియదు. నేను చేరేటప్పటికే ఉంది. బస్సుకు అట్లే వస్తారు కాబట్టి వ్యానుకూ అట్లే వస్తారని అందరం అనుకున్నాం.

పెద్ద డ్రైవరు, నేను డబ్బా తీసుకుని బయల్దేరాం. మొదటి స్టేజీలో ఆగి, లోపలికి పోదామా అని నేనే అడిగాను. ఎందుకు సార్, అందరూ స్టేజీకే వస్తారు కదా, ఈడ నొక్కితే సాలు అన్నాడాయన. ఆయన తప్పేమీ లేదు, ఆయన ఎప్పుడూ ఆగింది అక్కడే. నాకు ఆ మాట కలిసొచ్చింది. ఒక్కరోజులో అన్ని ఊళ్లూ నొక్కేసి సాయంత్రానికి డాక్టరు గారికి చూపించాలని నా తొందర. ఊరూరా లోపలికి పోతే వారం పట్టేది. ఆయన మాట వెనక దాక్కుని స్టేజీల్లోనే నొక్కుకుంటూ పోయాను.

డబ్బాలో పేర్లు ఇంగ్లీషులోనే వచ్చేవి. డ్రైవర్లకు ఇబ్బంది లేకుండా ఒక్కో ఊరికి ఒక్కో బొమ్మ పెట్టాం. ఒక ఊరికి చెట్టు, ఒక ఊరికి పెట్రోలు బంకు, ఒక ఊరికి టీ కప్పు, ఒక ఊరికి విమానం. ఆమె ఊరు చివరిది కావడంతో మిగిలిన బొమ్మ చేప. ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టుకునే ఊరికి చేప. మర్నాడు ఆమెకు చూపిస్తే చాలాసేపు నవ్వి, "చేపను పెట్టినారు కదా సార్, వండుకోనీకి నీళ్లు కూడా తెచ్చి పెట్టండి" అంది.

పెద్ద డ్రైవరు చెప్పిన టైముకే మానేశాడు. ఒంగోలు వైపు నుంచి కొత్త డ్రైవరు వచ్చాడు. నెమ్మదైన మనిషి, బండి మీద చెయ్యి మంచిది. డబ్బా చేతికిచ్చి బొమ్మలు చూపించాను. మొదటిరోజే ఒక్క నిమిషం తేడా లేకుండా అందరినీ తెచ్చాడు. డాక్టరు గారు నా భుజం తట్టారు. నేను ఉబ్బిపోయి, ఇక దారి తెలిసిన డ్రైవరే కావాలని ఏమీ లేదండీ, ఎవరైనా నడపొచ్చు అన్నాను. వ్యాను టైము తప్పకుండా ఉండాలని ఇంకో నియమం కూడా పెట్టాను. స్టేజీలో పది నిమిషాలు చూడాలి, మనిషి రాకపోతే ముందుకు పోవాలి. ఒకరి కోసం ఆగితే మిగతావాళ్లు ఆలస్యమవుతారు. నియమం చెడ్డది కాదు. కానీ ఆ నియమంలో రాలేనివాడికి చోటు లేదు.

వానలు ఆ ఏడు కార్తీకంలో గట్టిగా పడ్డాయి. ఒకరోజు సాయంత్రం ఆమె భర్త ఫోను చేశాడు. వాళ్ల ఊళ్లో చర్చి మెట్ల మీద నిలబడితే ఒక్కోసారి సిగ్నల్ తగిలేది. ఆమెకు ఆయాసంగా ఉందని, మోటారు సైకిలు మీద కూర్చోలేదని, మట్టిదారి బురదైందని, రేపు బండిని ఊళ్లోకి, ఇంటి దాకా పంపించమని అడిగాడు. సరే అన్నాను. కొత్త డ్రైవర్ని పిలిచి, రేపు చేప ఊళ్లోకి పో అని మాత్రం చెప్పాను. అతను, అట్లే సార్, ఊళ్లోకే కదా పోయేది అన్నాడు. నేను వేరే పనిలో ఉన్నాను. అతను అన్న మాట విన్నాను గానీ దాన్ని పట్టించుకోలేదు.

మర్నాడు వ్యాను వచ్చింది. ఒక్కొక్కరూ దిగారు. ఆమె దిగలేదు. అడిగితే కొత్త డ్రైవరు, చేప ఊళ్లో ఎవరూ లేరు సార్, వానలో పది నిమిషాలు కాదు, ఇంకొంచెం సేపే చూసినా అన్నాడు. వాన రోజు కదా, వాళ్లే మానుకుని ఉంటారనుకున్నాను. జనం అట్లా మానుకోవడం ఉంది. ఒకసారి ఫోను చేసి చూశాను, కలవలేదు. పోయి టీ తాగాను. ఈ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు గానీ, తాగాను.

మధ్యాహ్నం ఆమె భర్త నుంచి ఫోను వచ్చింది. గొంతులో కోపం కూడా లేదు. "బండి రాలేదు సార్. పొద్దున్నుంచి వాకిట్లో కూర్చోబెట్టుకోని చూస్తాండాం. ఆమె పడుకుంటే ఊపిరాడటంలే."

అంబులెన్సు ఒంగోలు పోయి ఉంది. కొత్త డ్రైవర్ని, వ్యానును తీసుకుని నేనే బయల్దేరాను. వాన తగ్గలేదు. యర్రగొండపాలెం దాటాం, పుల్లలచెరువు దాటాం. డబ్బా వదిన ఎప్పటిలా నిబ్బరంగా దారి చెప్పింది. రేకుల షెడ్డు, టీ కొట్టు కనిపించాయి. గమ్యం చేరుకున్నారని చెప్పి ఊరుకుంది. డ్రైవరు బండి ఆపి నా వైపు చూశాడు. ఇంకా లోపలికి పోనీ అన్నాను. ఎక్కడికి సార్ అన్నాడు. నేను టీ కొట్టు పక్కన ఉన్న మట్టిదారి చూపించాను.

"ఆ లోపల ఊరుందా సార్?" అన్నాడతను. "ఇన్నాళ్లూ ఈ నాలుగు అంగళ్లే ఊరనుకున్నా."

ఆ రోజు పొద్దున అతను అబద్ధం చెప్పలేదు. ఊళ్లోకి పొమ్మన్నాను, చేప బొమ్మ దగ్గరికి పోయాడు. ఆ చేపను అక్కడ పెట్టింది నేను. తారురోడ్డు వదిలి మట్టిలోకి దిగాక తెర మీద దారి గీతలన్నీ అయిపోయాయి. తెల్లటి ఖాళీలో మా బాణం గుర్తు ఒక్కటే కదులుతోంది. డబ్బాకు మేమెక్కడున్నామో అప్పుడు కూడా తెలుసు. ఆకాశంలో ఉపగ్రహాలన్నీ దొరికే ఉన్నాయి. నేను ఆ ఉపగ్రహాల పేజీ తీసి చూశాను కూడా. ఎందుకు చూశానో తెలియదు.

కొంత దూరం పోయాక చక్రం కూరుకుపోయింది. ఎదురుగా నలుగురైదుగురు మగవాళ్లు వస్తున్నారు. ప్లాస్టిక్ కుర్చీకి రెండు వెదురు బొంగులు కట్టి ఆమెను కూర్చోబెట్టి మోసుకొస్తున్నారు. పడుకోబెడితే ఊపిరాడదని మంచం మీద తేలేదట. తల మీద ఎరువుల సంచి కప్పారు. పాదాలు ఉబ్బి ఉన్నాయి. ఎప్పుడూ ఏదో ఒకటి అనే ఆమె నన్ను చూసి ఏమీ అనలేదు. మోసుకొచ్చినవాళ్లే బండిని బురదలోంచి తోశారు. దారి పొడుగునా నేను ఆమె వీపుకు భుజం ఆనించి కూర్చున్నాను. ఆమె ప్రతి శ్వాసా నా భుజానికి తగులుతుంటే, ఆగిపోతుందేమోనని ఒక్కొక్క దాని కోసం కాచుకున్నాను.

డాక్టరు గారు మిషను సిద్ధం చేసి ఉంచారు. ఆక్సిజన్ పెట్టి ఎక్కించారు. చాలాసేపటికి ఆయన బయటికి వచ్చి, గట్టెక్కింది, ఇంకో రెండు గంటలు ఆగి ఉంటే నా చేతిలో ఉండేది కాదు అన్నారు. ఏం జరిగిందని అడిగారు. వానకు దారి బాగాలేదండీ అన్నాను. ఆయన కొత్త డ్రైవర్ని పిలిచి, ఫోను చేసి చెప్పినా ఊళ్లోకి ఎందుకు పోలేదని నిలదీశారు. అతను తల వంచుకుని నిలబడ్డాడు. నా వైపు చూడను కూడా చూడలేదు. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు.

మర్నాడు పొద్దున డాక్టరు గారి గదికి పోయి, గుర్తులన్నీ స్టేజీల్లో పెట్టానని, డ్రైవరుకు అసలు ఊరు ఎక్కడుందో చెప్పనేలేదని, నిన్న అతను తిట్లు తింటుంటే చూస్తూ నిలబడ్డానని చెప్పాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆయన, మరి మిగతా ఊళ్లు అని మాత్రం అడిగారు. ఆ డ్రైవర్ని ఆయన పిలిచి మాట్లాడారు. నేనూ క్షమించమన్నాను. అతను, ఉండనీ సార్, మీరు చెప్పకపోయినా నేను ఊరేదో అడిగి ఉండాల్సింది, డబ్బా చేతికిచ్చేసరికి ఎవర్నీ అడగడమే మానేసినా అన్నాడు. అది నిజమే గానీ, ఆ నిజం నాకు సాయం చేయలేదు.

వానలు తగ్గాక ప్రతి ఊరికీ లోపలి దాకా పోయాను. డ్రైవరు నడిపాడు, నేను నొక్కాను. వారం కాదు, అంతకంటే ఎక్కువే పట్టింది. ముందుగా పోయింది చేప ఊరికే. బురద ఆరి దారి గట్టిపడింది. వ్యాను సునాయాసంగా పోయింది. చిన్న ఊరు. సున్నం వేసిన చర్చి, నీళ్ల ట్యాంకు, కంప కంచెల్లో మేకలు. ఆమె వాకిట్లో నీడకు కూర్చుని ఉంది. ముఖం తేరుకుంది. ఎందుకొచ్చారు సార్ ఇంత దూరం అంది. ఇక వానొచ్చినా ఎండొచ్చినా బండి మీ గడప దగ్గరికే వస్తుందని, గుర్తు పెట్టడానికి వచ్చానని చెప్పి డబ్బా తీశాను.

"నా గడప కాడ ఎందుకు సార్," అంది. "నాకు మా ఆయన ఉండాడు, ఎట్లన్నా స్టేజీకి తెస్తాడు. ఆ చివరింటి కాడ పెట్టండి. ఆడ మామ ఉండాడు. మీ ఆసుపత్రిలోనే చూపించుకున్నాడు ఎండాకాలం. తొందర్లోనే మిషను ఎక్కాల్సొస్తాదన్నారంట. తుంటి ఇరిగిన మనిషి, మోటారు సైకిలు ఎక్కలేడు. స్టేజీ దాకా వారానికి రెండుసార్లు ఎవరు మోస్తారని ఊరుకున్నాడు."

ఆ ఊరికి ఒక్కరే జబ్బు మనిషి అని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. స్టేజీలో నిలబడి చూస్తే ఒక్కరే. రాగలిగినవాళ్లే మాకు కనిపించారు. రాలేనివాళ్లు ఊళ్లోనే ఉండిపోయారు. మిగతా ఊళ్లలోనూ పోయి చూస్తే, ఒక ఊళ్లో ఇద్దరు, ఒక ఊళ్లో ఒకరు, ఇలాగే తేలారు. ఒక ఇంట్లో నేను పోయేటప్పటికే ఫోటోకు దండ వేసి ఉంది. ఆ ఇంటివాళ్లు నాకు మంచినీళ్లిచ్చి, బండి ఇంటి దాకా వస్తుందని మాకు తెలీదు సార్ అన్నారు. తెలిసి అడిగినా అప్పట్లో బండి వచ్చేది కాదని నేను వాళ్లకు చెప్పలేదు.

డాక్టరు గారికి వచ్చి ఈ సంగతంతా చెప్పాను. ఇంతమందిని ఏ మిషను మీద పడుకోబెట్టనయ్యా అని ఆయన తల పట్టుకున్నారు. చివరికి సాయంత్రం ఇంకో వంతు మొదలుపెట్టారు. దానికోసం నర్సులు, డ్రైవరు, అందరూ గొణుక్కుంటూనే ఒప్పుకున్నారు. వ్యాను ఊళ్లలోకి పోవడం మొదలుపెట్టాక దారి పొడుగైంది, డీజిలు పెరిగింది. పది నిమిషాల నియమం తీసేశాను. దాని బదులు, మనిషి కనిపించకపోతే ఇంట్లోకి పోయి చూసి రావాలని చెప్పాను. నేను పనిలో ఉన్నన్ని రోజులూ అది నడిచింది. తర్వాత ఏమైందో నాకు తెలియదు.

చివరింటి పెద్దాయన్ను మొదటిసారి తీసుకొచ్చిన రోజు నేనూ వ్యానులో పోయాను. డబ్బా ఆయన వాకిలి ముందు ఆగి గమ్యం వచ్చిందని చెప్పింది. కొత్త డ్రైవరూ, ఆమె భర్తా చెరో వైపు పట్టి ఎక్కించారు. ఆమె ముందే ఎక్కి కూర్చుని ఉంది. వెనక కుదుపులెక్కువ మామా, ముందు కూర్చో అని తన సీటు ఖాళీ చేసి వెనక్కి పోయింది. వ్యాను ట్యాంకు దాటి, చర్చి దాటి, గట్టి నేల మీద తారురోడ్డు వైపు నడిచింది. ఎక్కడా చిన్న కుదుపు కూడా లేదు. పెద్దాయన కిటికీలోంచి దారిని చాలాసేపు చూసి, నా వైపు తిరిగాడు.

"ఈ బండి మా ఊళ్లోకి రానీకి ఇన్నాళ్లూ ఏం అడ్డమొచ్చింది సార్?" అని అడిగాడు. ఎత్తిపొడుపుగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగాడు.

వానలనో, దారనో, ఆసుపత్రి పద్ధతనో చెప్పడానికి నా దగ్గర చాలా ఉన్నాయి.

"ఏమీ అడ్డం రాలేదు పెద్దాయనా" అన్నాను.